మాటల్లేని పన్నెండు పేజీలు

పొద్దున్నే పెట్టిన కాఫీ చల్లారిపోతున్నా ప్రూఫ్‌రీడరుగారు తల ఎత్తలేదు. అచ్చాఫీసులో ముప్పై నాలుగేళ్లు తప్పులు పట్టి, రిటైరయ్యాక పట్టడానికేమీ దొరక్క ఇంట్లోవాళ్ల ప్రాణాలు తోడేస్తున్న మనిషి ఆయన. ఇవాళ కూతురి పుస్తకం ప్రూఫు చేతికి చిక్కింది. ఉద్యోగం మానేసి రెండేళ్లు గీసిన బొమ్మల నవల. సాయంత్రానికి అచ్చుకి వెళ్లాలి. నాన్న చదవందే పంపనని ఆ పిల్ల భీష్మించుకుని కూర్చుంది.

పాపం, ఆయన సిద్ధపడకుండా ఏమీ కూర్చోలేదు. కూతురు తెచ్చిపెట్టిన కామిక్సన్నీ నెల రోజులుగా చదివారు. కండలు తిరిగిన వీరుడి కథ చూసి, "పేజీకి పదకొండు ఆశ్చర్యార్థకాలా! వీడి గుండె ఏమైపోవాలి?" అన్నారు. కుడి నుంచి ఎడమకి తిప్పాల్సిన జపాను పుస్తకాన్ని అలవాటుకొద్దీ ఎడమ నుంచి తిప్పి, చచ్చినవాడు లేచొచ్చి పెళ్లి చేసుకున్నాడని మెచ్చుకున్నారు. నల్లటి నీడలు నిండిన యుద్ధం కథకైతే, "సిరా ఎక్కువైంది, మెషీను చూసుకోమను" అని తేల్చేశారు. ఏదైనా పావుగంటలో అయిపోయేది.

ఆయన భార్య బట్టలు కుడుతుంది. ఆవిడకి ఒక్కో పుస్తకం వారం పట్టేది. ఆ వీరుడి అంగీకి కుట్టు ఎక్కడుందా అని వెతికేది. యుద్ధం కథ చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మొత్తం కలిపి అరవై మాటలైనా లేని పుస్తకానికి అంత ఏడుపేమిటో ఆయనకి అంతు చిక్కలేదు.

ఇవాళా పావుగంటలోనే ఆయన కళ్లజోడు తీశారు.

"తప్పులు నాలుగే అమ్మడూ. కానీ అసలు పొరపాటు వేరే ఉంది. నలభై ఒకటో పేజీ నుంచి పన్నెండు పేజీల్లో మాటలు ఎగిరిపోయాయి."

కూతురు పుస్తకం లాక్కుంది. పన్నెండు పేజీల మీదా ఎర్రసిరాతో ఒకటే రాత: 'మాటలు లేవు. రచయిత్రిని అడగాలి.'

"ఎగిరిపోలేదు నాన్నా. నేనే రాయలేదు."

"రాయకపోతే జనం ఏం చదువుతారు?"

"చూస్తారు! నువ్వు చూడవు కాబట్టి లోకమంతా గుడ్డిదనుకుంటావా?"

"పెద్దవాణ్ణి పట్టుకుని ఏం మాటలే అవి!"

"సరే, పంపనులే. నీకే కనబడనిది ఊళ్లోవాళ్లకి చూపించి ఏం చేసుకోను?" అంటూ లాప్‌టాప్ మూసేసింది. రెండేళ్ల శ్రమ తన ఎర్రసిరాతో ఆగిపోతోందని తెలిసి ఆయన పెన్ను గబుక్కున జేబులో పెట్టేసుకున్నారు.

కుట్టుమిషను ఆపి భార్య వచ్చింది. ఆయన చేతిలో అట్టముక్క చూసి నుదురు కొట్టుకుంది. అచ్చాఫీసు అలవాటది. చూపు పక్కవరసకి జారకుండా అట్టకి సన్నటి సందు కోసి, అందులోంచి ఒక్క వరసే చదవడం.

"ఏమండీ, ఇన్నాళ్లూ ఈ సందులోంచేనా చదివింది?"

"అక్షరాలు ఉన్నచోట పెట్టి చదివాను. ఏం?"

"అయ్యో రామ! బొమ్మల పుస్తకంలో బొమ్మలు తప్ప అన్నీ చూశారన్నమాట!" ఆవిడ అట్ట లాగేసి, నలభై ఒకటో పేజీ తెరిచి ముందు పెట్టింది.

బడి గేటు. తల వంచుకున్న పిల్ల, చేతిలో మార్కుల కాగితం. వేళ్లకి ఎర్రసిరా అంటిన ఒక తండ్రి ఆ పిల్ల సంచీ అందుకున్నాడు. వాన. గొడుగంతా పిల్ల మీదే ఉంది, తండ్రి భుజం తడిసి ముద్దయింది. వీధి తర్వాత వీధి. ఒకచోట అతను నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు.

ఆయన వేలు అక్కడే ఆగిపోయింది. ఊరందరి వాక్యాలూ దిద్దిన తనకి ఆ రోజు కూతురికి చెప్పడానికి ఒక్క వాక్యం దొరకలేదు. ఆ సంగతి ఇన్నేళ్లుగా ఆయన్ని లోపల తొలిచేస్తూనే ఉంది.

"ఆ రోజు నాకేమీ తట్టలేదే అమ్మడూ."

"అందుకే నేనూ రాయలేదు నాన్నా. ఏదైనా అనుంటే నడిరోడ్డు మీద ఏడ్చేసేదాన్ని. నువ్వేమీ అనకుండా పక్కన నడిచావు. నాకదే చాలింది."

చివరి రెండు పేజీల్లో పెరటి కుళాయి దగ్గర వంగిన తండ్రి వీపు, తలుపు సందులోంచి చూస్తున్న పిల్ల.

"ఇదేముంది, మొహం కడుక్కుంటున్నాను," అన్నారాయన గబగబా.

"రెండు పేజీల సేపా నాన్నా?"

భార్య ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. ఎర్ర పెన్ను తీసి పన్నెండు పేజీల మీదా తన రాత తనే కొట్టేశారు. ఆఖరి గీత వంకర పోయింది. ఈసారి ఎక్కడికీ లేచి వెళ్లకుండా, కూతురి ఎదురుగానే కూర్చుని ఏడ్చారు.