మిల్లు సైరన్ కూసిన వేళ

"ఈ ప్రింట్ మీరే తీసిండ్రా?"

వరంగల్ కాశిబుగ్గలో వినయ్ నడిపే ఆన్‌లైన్ సెంటర్ అది. తడిసిన గొడుగుతో వచ్చిన అమ్మాయి ఓ జాతకం కాగితాన్ని టేబుల్ మీద కొట్టింది. గొడుగు నీళ్ళు కీబోర్డు మీద పడుతున్నాయి. వినయ్ కీబోర్డు సంగతి మరిచిపోయి ఆమెనే చూశాడు.

"తీసిన మేడమ్. ఏమైంది?"

"పిలగానిది మఖ అని కొట్టిండ్రు. మా బాపు ఆశ్లేష అంటాండు."

"మా సాఫ్ట్‌వేర్‌ది దృగ్గణితం మేడమ్. ఆకాశంల చంద్రుడు యాడుంటే ఆడనే చూపెడతది."

"మాది పూర్వ పద్ధతి. తాతల నాటి లెక్క. రెండింటికి గంటల తేడా వస్తది. అది తెల్వకుంటనే ప్రింట్లు ఇస్తరా?"

"చంద్రుడు ఒక్కడే గద మేడమ్?"

ఆమెకు నవ్వొచ్చింది. పోట్లాటకు వచ్చానని గుర్తొచ్చి ఆపుకుంది.

ఆమె పేరు పద్మలత. తండ్రి సారంగపాణి పగలంతా జంపఖానాలు నేస్తాడు, సాయంత్రం వాడకట్టు జనానికి పంచాంగం చూసి పెడతాడు. ఆ రోజు మొదలు, రెండు లెక్కలకు తేడా వచ్చినప్పుడల్లా పద్మలత సెంటర్‌కు వచ్చేది. కొన్నాళ్ళకు తేడా రాకపోయినా వచ్చేది. ఒకసారి ఖిలా వరంగల్‌లో వానకు ఖుష్ మహల్‌లో ఆగారు. వాన తగ్గి చాలాసేపైందన్న మాట ఇద్దరూ ఎత్తలేదు.

చివరికి ఒకనాడు పద్మలత చెప్పింది. "బాపుకు అంతా చెప్పిన. నీ జాతకం తెమ్మన్నడు."

వినయ్ ముఖం వాడిపోయింది. ఎప్పుడో చూసుకున్నాడు మరి. పద్మలతది ఆర్ద్ర. కంప్యూటర్ ప్రకారం తనది చిత్త, ఏ ఇబ్బందీ లేదు. సారంగపాణి పంచాంగంలో మాత్రం తను పుట్టిన రోజు మధ్యాహ్నం ఒకటిన్నర దాకా హస్త; జాతకంలో ఉన్న టైం పన్నెండు పది. అంటే ఇద్దరిదీ ఒకే నాడి, పెళ్ళికి దోషం. ఏకనాడి అని సారంగపాణి సొంత అన్న కొడుక్కు కుదిరిన సంబంధాన్నే వద్దన్నాడు.

"పుట్టిన టైం రెండు గంటలని మార్చు. ఎవలకు ఎరుక?" పద్మలత కళ్ళలో నీళ్ళు.

"రేపు ఆయన్ను మామా అని పిలవాలె పద్మా. అబద్ధం చెప్పి ఎట్ల పిలుస్త?"

ఆదివారం వినయ్ తల్లి వినోదను వెంటబెట్టుకుని వెళ్ళాడు. సారంగపాణి పాత పంచాంగం తిరగేసి కళ్ళద్దాలు తీశాడు.

"పన్నెండు పదికి హస్తనే. ఏకనాడి. మంచి పిలగానివే గని, నేనేం చేసేది?"

పద్మలత వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"పన్నెండు పది అని ఎవలు చెప్పిండ్రన్నా?" అంది వినోద.

"ఈడ రాసున్నది గద చెల్లె."

వినయ్ తల దించుకున్నాడు. "నేనే కొట్టిన మామా. పన్నెండు దాటినంక పుట్టిన అని అమ్మ చెప్పింది. టైం వెయ్యనిది సాఫ్ట్‌వేర్ ముందుకు పోదు. ఆ పది నిమిషాలు నేను ఏసినయే."

"ఇంట్ల గడియారం యాడిదిరా?" వినోద కసిరింది. "మిల్లు సైరన్ కూసినంక నువ్వు ఏడ్సినవు. పన్నెండు సైరనో, రెండు సైరనో, ఆ నొప్పులల్ల నాకేం తెలుసు?"

అడుగుదామంటే కాన్పు చేసిన మంత్రసాని లేదు, ఆ మిల్లూ లేదు. సారంగపాణి ప్రింటును మడిచి వినయ్ చేతికిచ్చాడు. తన పంచాంగం కూడా మూసేశాడు.

"టైం రూఢి లేకపోతే పేరు మొదటి అక్షరం మీద నక్షత్రం చూడమనేటోడు మా తాత. అదీ ఇద్దరికి పేరు మీదనే. ఒకరిది జన్మ నక్షత్రం, ఒకరిది పేరు నక్షత్రం కలుపరాదు." వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. నమ్మకం చాలక ఇంకోసారి లెక్కపెట్టాడు. "వినయ్‌ది రోహిణి. పద్మది ఉత్తర. నాడి వేరు. తార మంచిగున్నది."

పద్మలత ఏడ్చేసింది. సారంగపాణి ఆమె తల నిమిరాడు.

"నా లెక్కకు మీరు ఎంత భయపడ్డరో గని, నేను ఇంకా ఎక్కువ భయపడ్డ బిడ్డా. నీకు వద్దని చెప్పాల్సొస్తదేమోనని."

వెళ్ళేటప్పుడు బయట సన్నగా వాన. పద్మలత గొడుగు అందిస్తూ గుసగుసగా అడిగింది. "ముహూర్తం ఏ లెక్కల పెట్టిద్దాం? మీదా, మాదా?"

"మామ లెక్కలనే."

"రెండు లెక్కలల్ల మంచిగున్న దినమే చూస్త!" లోపలి నుంచి సారంగపాణి కేక వేశాడు. "మీ పిల్లలు పుట్టిన టైం మాత్రం ఓ చిట్టీ మీద రాసి పెట్టుండ్రి!"

పద్మలత గొడుగు అతని చేతిలో పెట్టేసి ఇంట్లోకి పరుగెత్తింది.