వీపు మీద చెయ్యి

లియొపోల్దు పడిన చోట చెరకు గడలు గుండ్రంగా అణిగిపోయాయి. అతని పెద్ద పారాచ్యూట్ తెరుచుకోలేదు. అది మొరాయిస్తే ఆదుకోవలసిన రిజర్వ్ పారాచ్యూట్ కూడా తెరుచుకోలేదు. రిజర్వ్ పిడిని లాగుతూ లాగుతూనే చచ్చిపోయాడని బిగుసుకుపోయిన వేళ్ళే చెప్పాయి. అందరికంటే ముందు తోటలోకి పరిగెత్తింది సొలాంజ్. హెల్మెట్‌కి కెమెరా బిగించుకుని దూకేవాళ్ళను గాల్లోనే ఫిల్మ్ తీసే అమ్మాయి. మిగతావాళ్ళు చేరేసరికి అతని మీద వాలిపోయి ఏడుస్తోంది.

ప్రమాదం అని రాశారు పోలీసులు. ఊరు మాత్రం ఇంకో మాట అంది. ఆ రిజర్వ్‌ని మడిచి సీలు వేసింది క్లబ్ యజమానురాలు ఎద్విజెస్. కాబట్టి ఆ చావు ఆమె చేతి మీదే ఉందంది.

వారం తిరక్కుండా రాజధానిలోని ఒక కిటికీల్లేని గదిలో చీఫ్ తెనోరియు తన ఏజెంట్ ఒటోనియెల్‌ని కూర్చోబెట్టి కేసు చెప్పాడు. సరిహద్దు రాడార్లను ప్రభుత్వానికి ఒక విదేశీ ముఠా బినామీ కంపెనీ పేరుతో అమ్మింది. ఆ రాడార్లు కొన్ని విమానాలను కావాలనే చూడకుండా వదిలేస్తున్నాయి. అది పసిగట్టిన ఇంజినీర్లు ఇద్దరు: లియొపోల్దు, ఆనీసియు. ఇద్దరూ సాంతా ఎమీలియా క్లబ్‌లో ఆదివారాలు దూకేవాళ్ళే. ఇప్పుడు మిగిలింది ఆనీసియు ఒక్కడే. సోమవారం అతను విచారణ సంఘం ముందు నోరు విప్పాలి.

"ఆదివారం అతను స్నేహితుడి జ్ఞాపకార్థం దూకుతానంటున్నాడు," అన్నాడు తెనోరియు.

"ఆపెయ్యండి."

"ఎర తీసేస్తే చేప ఎలా పడుతుంది?"

"ఎర అంటున్నారు. ఆయన మనిషి సార్."

"అందుకే నిన్ను పంపుతున్నా," అని చీఫ్ చర్చ ముగించాడు. ముఠాలో తమ మనిషి ఒకరున్నారనీ, వాళ్ళు నమ్మి జీతమిస్తున్నా సమాచారం మాత్రం తమకే చేరవేస్తోందనీ చెప్పాడు. ఆమె పేరు సొలాంజ్. పోతూ పోతూ ఒటోనియెల్ చేతికి ఒక ఆల్టిమీటర్ ఇచ్చాడు. ఎంత ఎత్తులో ఉన్నామో చూపించే గడియారం లాంటిది. దాని పక్కన మీట నొక్కి మాట్లాడితే కింద ఉన్న పోలీసులకు వినిపిస్తుందట.

*

విమానయాన శాఖ ఇన్‌స్పెక్టర్ వేషంలో, టై కట్టుకుని, ఒటోనియెల్ సాంతా ఎమీలియాలో దిగాడు. చెరకు తోటల మధ్య ఎర్రమట్టి రన్‌వే, ఒక రేకుల షెడ్డు, ఒక పాత సెస్నా విమానం. అంతే క్లబ్బు. గాలి సారా ఫ్యాక్టరీ వైపు నుంచి వీస్తోంది.

షెడ్డులో ఎద్విజెస్ కొత్తవాళ్ళకి పాఠం చెబుతోంది. అరవై దాటిన మనిషి, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఒకప్పుడు విమానాల కంపెనీలో ఇంజినీరు. బల్ల మీద నుంచి దూకి పొర్లమని ఒక్కొక్కళ్ళనీ తోస్తోంది. తాడుకి వేలాడదీసిన ఒక కుర్ర డెంటిస్టుని ప్రశ్నలతో పొడుస్తోంది.

"పైకి చూశావు. బట్ట ముద్దకట్టి ఉంది. ఏం చేస్తావ్?"

"అంటే... ముందు..."

"చచ్చావు. దిగు. తరవాతి శవం రండి."

ఒటోనియెల్ గడప దాటబోయాడు. ఆమె తల తిప్పకుండానే అంది.

"బూట్లు విప్పు. లోపల పారాచ్యూట్‌లు పరిచి ఉన్నాయి."

"నేను ఇన్‌స్పెక్టర్నండీ."

"కనిపిస్తూనే ఉంది. అయినా కాళ్ళకి బూట్లే కదా ఉన్నాయి?"

ఆదివారం దాకా ఉన్న ఆ రెండు రోజులూ ఆమె అతన్ని కుక్కని చూసినట్టు చూసింది. అడిగిన తాళం ఇవ్వలేదు, అడగని నీతి మాత్రం చెప్పింది. క్లబ్బులో ఎవరూ అతనికి కాఫీ కూడా పొయ్యలేదు. అతను వెళితే బెంచీ మీద మాటలు ఆగిపోయేవి. పైలట్ జురాందిర్ అయితే అతని కారు టైర్ల పక్కన ఉమ్మి మరీ వెళ్ళేవాడు. ఆదివారం విమానంలో తనూ ఎక్కి తనిఖీ చేస్తానని ఒటోనియెల్ అన్నప్పుడు ఎద్విజెస్ నవ్వింది. తాడుకి వేలాడదీసి ఆ డెంటిస్టుని అడిగిన ప్రశ్నలే అడిగింది. అతను తడుముకోకుండా చెప్పాడు. సైన్యం పారాచ్యూట్ దళంలో పనిచేసినవాడు, మర్చిపోదామన్నా మర్చిపోయేవి కావు అవి. ఆమె నవ్వు పోయింది.

"నువ్వు కాగితాల మనిషివి కాదు. నువ్వెవరో నాకు అక్కర్లేదు. నా నియమాలు మటుకు వినుకో. నేలమీద అందరి సామానూ నేనే చూస్తాను. పైన, తలుపు తీసేముందు, ఒకరి వీపు ఇంకొకరు చూడాలి. రిజర్వ్‌ని మూసి ఉంచే పిన్ను సరిగా ఉందా, పట్టీ మెలిపడిందా అని. ఎవరి వీపు వాళ్ళకి కనపడదు. అర్థమైందా?"

"లియొపోల్దుకి కూడా చూశారా?"

ఆమె మొహం రాయి అయిపోయింది. "నేను మడిచిన రిజర్వ్ ఇప్పటివరకు ఎవరినీ చంపలేదు," అని చెప్పి వెళ్ళిపోయింది.

సొలాంజ్ మాత్రం నవ్వుతూ వచ్చింది. ఎర్ర జంప్‌సూట్, మెడ మీదికి జారిన నల్లటి జడ, మాట్లాడుతూ ఎదుటివాడి మోచెయ్యి ముట్టుకునే అలవాటు. బెంచీ చివర కూర్చుని, వాన పడేలా ఉందా అని అడిగింది.

"చెరకుకి మంచిదే," అన్నాడు ఒటోనియెల్. సంకేతం కలిసింది.

హంతకుడు పైలట్ జురాందిరే అని ఆమె చెప్పింది. జంప్‌కి ముందు రోజు షెడ్డులో ఎవరూ లేనప్పుడు లియొపోల్దు సామాను ముట్టుకున్నాడనీ, ముఠా అతన్ని కొనేసిందనీ, ఈసారి ఏం చేస్తాడో మాత్రం తనకి తెలియదనీ అంది. ఆ గొంతులో భయం నిజంలాగే ఉంది. ఒటోనియెల్ నమ్మాడు. ఇద్దరు పోలీసులని చెరకు నరికేవాళ్ళ వేషంలో షెడ్డు చుట్టూ పెట్టి, జురాందిర్ మీంచి కన్ను తియ్యొద్దన్నాడు.

ఇన్‌స్పెక్టర్ పని నటించాలి కాబట్టి ఆమె తీసిన ఫిల్ములన్నీ అడిగి చూశాడు. ఎద్విజెస్ సణుగుతూ గోడకి దుప్పటి కట్టింది. ప్రతి ఫిల్మూ విమానం లోపలే మొదలయ్యేది. కుక్కుకుని కూర్చున్న జనం, వెక్కిరింతలు, నాలుకలు బయటపెట్టడాలు, ఆ తరవాత తలుపు, ఆకాశం. లియొపోల్దు చివరి ఫిల్ము మాత్రం తిన్నగా తలుపు దగ్గర మొదలైంది. ఎందుకని అడిగితే, ఫిల్ము తక్కువ ఉందని ఆదా చేశానంది సొలాంజ్. అతను సరే అనుకున్నాడు.

*

ఆదివారం ఎండ ఫెళ్ళుమంటోంది. ఆనీసియు పొట్టివాడు, బట్టతల, కళ్ళజోడు మీద గాగుల్స్ కట్టుకున్నాడు. చంకలో గుడ్డసంచీ నిండా పసుపుపచ్చ ఇపె చెట్టు పూరేకులు. లియొపోల్దు పడిన తోట మీద చల్లుతాడట. ఒటోనియెల్ అతన్ని పక్కకి పిలిచి ఇవాళ్టికి మానెయ్యమన్నాడు. చీఫ్ మాటకి అది విరుద్ధమని తెలిసే అన్నాడు.

"ఇంజినీరుగారూ, రేపు మీరు బతికుండాలి."

"వాడు భయపడలేదు బాబూ. నేను భయపడితే రేపు అక్కడ నా మాట నేనే నమ్మను," అన్నాడు ఆనీసియు, సంచీ మూతి బిగిస్తూ.

ఒటోనియెల్‌కి కూడా క్లబ్బు పారాచ్యూట్ ఒకటి తగిలించి, ఎద్విజెస్ అందరి సామానూ చూసింది. ఆనీసియు వీపు దగ్గర ఎక్కువసేపు నిలబడింది. పిన్నుని రెండుసార్లు తడిమింది. తరవాత నలుగురూ ఎక్కారు: ఆనీసియు, సొలాంజ్, ఒటోనియెల్, ఎద్విజెస్. సీట్లు పీకేసిన విమానం నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఎద్విజెస్ దూకదు, తలుపు తీసి ఎక్కడ దూకాలో చూపిస్తుంది.

పైకి పోతున్నంతసేపూ ఒటోనియెల్ చూపు జురాందిర్ చేతుల మీదే ఉంది. పైలట్ మీటల్ని తప్ప దేన్నీ ముట్టుకోలేదు. ఎత్తుకి వచ్చాక ఎద్విజెస్ వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పింది. వీపులు చూసుకోమని. సొలాంజ్ ఆనీసియు వెనక్కి జరిగింది, రిజర్వ్ మూత ఎత్తింది, ఒళ్ళు అడ్డం పెట్టి కాసేపు చూసింది, కింద తొడకి బిగించే కాలిపట్టీ దాకా చెయ్యి పోనిచ్చింది. భుజం తట్టింది. అంతా బాగుందని.

ఎద్విజెస్ తలుపు తీసింది. ఇంజను హోరు, గాలి హోరు కలిసి మీద పడ్డాయి. ఆనీసియు గుమ్మంలోకి జరిగాడు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, సొలాంజ్ చెయ్యి హెల్మెట్ దాకా పోయి కెమెరా మీట నొక్కింది.

ఒటోనియెల్‌కి దుప్పటి మీద చూసిన బొమ్మ గుర్తొచ్చింది. విమానం లోపలి భాగం లేని ఫిల్ము లియొపోల్దుది ఒక్కటే. లోపల సొలాంజ్ చేతులు ఏం చేస్తున్నాయో కెమెరాకి కనపడకూడదు కాబట్టి లేదు. లియొపోల్దు వీపు చూసింది కూడా ఆమే అయ్యుండాలి. శవం దగ్గరికి ముందు పరిగెత్తి, మీద వాలి, ఆనవాలు తీసేసింది కూడా ఆమే.

"ఆగు," అని అరిచాడు. అతని గొంతు అతనికే వినపడలేదు. ఆనీసియు దూకేశాడు.

సొలాంజ్ ఇతని మొహం చూసింది. నవ్వలేదు, బెదరలేదు. అడ్డంగా కాలు చాపింది. ఒటోనియెల్ ఆ కాలి మీంచే బయటికి పడ్డాడు.

తల కిందికి పెట్టి, చేతులు ఒంటికి అదిమి, రాయిలా దిగాడు. ఆల్టిమీటర్ మీట నొక్కి "సొలాంజ్, సొలాంజ్" అన్నాడు. కింద పోలీసులకి వినిపించింది గాలి రొద ఒక్కటేనని తరవాత తెలిసింది. పసుపుపచ్చ రేకులు ఎదురొచ్చి మొహానికి కొట్టాయి. వాటి కింద చిన్నగా ఆనీసియు.

ఆనీసియు నియమం ప్రకారం పెద్ద పారాచ్యూట్‌ని పీకే బుల్లి గొడుగుని విసిరాడు. అది గాల్లో నిలబడింది గానీ దాని పట్టీ కాలిపట్టీకి, సొలాంజ్ తడిమిన చోటే, చిక్కుకుని పెద్దదాన్ని లాగలేదు. రిజర్వ్ పిడి లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. రాలేదు. ఎత్తుని చూసి తనంతట తానే రిజర్వ్‌ని తెరిచే యంత్రాలు ఆ రోజుల్లో ఆ వైపు ఎవరికీ లేవు.

ఒటోనియెల్ అతని వీపు మీద పడి పట్టీ పట్టుకున్నాడు. మూత ఎత్తాడు. పిన్ను చుట్టూ చేపల గాలానికి వాడే సన్నటి నైలాన్ దారం, నాలుగు చుట్లు. తాళ్ళు చిక్కుపడితే కోసుకోవడానికి దూకే ప్రతివాడి దగ్గరా కొక్కెం లాంటి కత్తి ఉంటుంది. అది తీశాడు. వేళ్ళు మొద్దుబారాయి. చెరకు తోటలో సాళ్ళు విడివిడిగా కనిపిస్తున్నాయి. మొదటి కోత జారింది. రెండోదానికి దారం తెగింది. ఇంకా లాగుతూనే ఉన్న ఆనీసియు చేతిలోకి పిడి ఒక్కసారిగా ఊడొచ్చింది. తెల్లటి బట్ట ఒటోనియెల్ చెంపని చరిచి పైకి లేచింది, ఆనీసియు పైకి ఎగిరిపోయినట్టు కనిపించాడు.

ఒటోనియెల్‌కి ఇంక పెద్దదాన్ని తెరిచే ఎత్తు లేదు. తన రిజర్వ్ లాగాడు. అది విచ్చుకోవడం, కాళ్ళు చెరకులో దిగబడడం దాదాపు ఒకేసారి జరిగాయి.

*

విమానంలో ఉన్న ఎద్విజెస్‌కి దారం సంగతి తెలియదు. కానీ సొలాంజ్ కూడా దూకి, ఎత్తులోనే పారాచ్యూట్ తెరిచి, మైదానాన్ని వదిలి రోడ్డు వైపు నడిపించుకుపోవడం చూసింది. రోడ్డు పక్కన ఒక నల్ల కారు ఆగి ఉంది. ఎద్విజెస్ జురాందిర్ భుజం గుద్ది అటు చూపించింది. అతను సెస్నాని ఆ కారు మీంచి చక్రాలు తగులుతాయా అన్నంత కిందికి పోనిచ్చాడు. మళ్ళీ తిప్పి తెచ్చాడు. షెడ్డు దగ్గర చెరకు నరుకుతున్నట్టు నటిస్తున్న పోలీసులు అది చూసి జీపెక్కారు.

సొలాంజ్ తొందరపడింది. గాలికి ఎదురు తిరిగి దిగాలన్నది మొదటి పాఠం. అలా తిరిగే వ్యవధి లేక గాలితోపాటే దిగింది. తారు అంచు తగిలి చీలమండ పుటుక్కుమంది. కారు తలుపు తెరుచుకుంది, జీపుని చూసి మూసుకుంది, వెళ్ళిపోయింది. అది జిల్లా సరిహద్దు దాటకుండానే దొరికింది.

ఒటోనియెల్ చేరేసరికి ఆమె పారాచ్యూట్ బట్ట మీద కూర్చుని కాలు పట్టుకుని ఉంది.

"నన్ను నమ్మావు కదూ," అంది.

"నమ్మాను. వాళ్ళూ నమ్మారా?"

ఆమె కారు పోయిన వైపు చూసింది. "ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ మనిషిని నేను. వాళ్ళు మాత్రం..." జీపులోకి ఎక్కిస్తున్నప్పుడు కూడా ఏడవలేదు. లియొపోల్దు మీద పడి ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చి ఒటోనియెల్ మొహం తిప్పుకున్నాడు.

తెగిన దారం చూపించినప్పుడు ఎద్విజెస్ దాన్ని వేలికి చుట్టి లాగి చూసింది. "ఒకరి వీపు ఒకరు చూడమన్నది నేనే," అంది. "ఆ నియమంలోంచే చెయ్యి పెట్టింది." తరవాత, ఇది ఊరికి చెప్పమని అడిగింది. తను మడిచిన రిజర్వ్ తప్పు కాదని ఒక్క ముక్క.

రాజధాని ఒప్పుకోలేదు. ఆనీసియు సోమవారం సాక్ష్యం చెప్పాడు, రాడార్లు పీకేశారు, కానీ సొలాంజ్ పేరు బయటికి రాకూడదన్నాడు తెనోరియు. లియొపోల్దుది ప్రమాదంగానే ఉండాలట. ఆ మాట మోసుకొచ్చినందుకు ఎద్విజెస్ చేతిలోని కాఫీ ఒటోనియెల్ కాళ్ళ దగ్గర పారబోసింది. బూట్లు విప్పి ఉన్నాయి కాబట్టి బాగానే కాలింది.

అతను కుంటుతూ కారు దాకా వెళ్ళి, తిరిగొచ్చాడు. ఇన్‌స్పెక్టర్ వేషం ఇంకా రద్దు కాలేదు. శాఖ ముద్ర అతని సంచీలోనే ఉంది. బల్ల మీద కూర్చుని తనిఖీ రిపోర్టు రాశాడు. లియొపోల్దు రిజర్వ్‌ని మడవడంలో ఏ లోపమూ లేదనీ, దేశంలో ఇంత కట్టుదిట్టమైన క్లబ్బు తాను చూడలేదనీ రాసి, ముద్ర గుద్ది, షెడ్డు తలుపుకి అతికించాడు. తెనోరియుకి ఏం చెప్పుకోవాలో దారిలో ఆలోచించుకోవచ్చు.

ఎద్విజెస్ కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. మెచ్చుకోలేదు. గోడ మీద పలక తీసుకుని, సుద్దముక్కతో అతని పేరు రాసింది.

"అంత కిందికొచ్చి పారాచ్యూట్ తెరిచినవాడు నా మైదానంలో నెల రోజులు దూకకూడదు."

"నేను ప్రభుత్వం మనిషినండీ."

"అలాగా," అని ఎద్విజెస్ పలక తుడిచి, రెండు నెలలు అని దిద్దింది.