బైబిల్ బడికి వెళ్ళిన కోడలు

ఆ సోమవారం పొద్దున్నే న్యాతెంబో వంటపాకలో కూర్చుని మొక్కజొన్న గంజి కాస్తోంది. కోతలు అయిపోయిన చలికాలం. కొండల మీది నుంచి దిగిన మంచు ఇంకా పెరట్లో గుమ్మడి తీగల మీదే ఉంది. బయట కోడలు తివోంగే వాకిలి ఊడుస్తోంది. రోజూ ఈ వేళకి అత్తాకోడళ్ళ కబుర్లు పక్కింటిదాకా వినిపించేవి. ఇవాళ చీపురు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"నానమ్మా, గంజిలో వేరుశనగ పిండి వేశావా?" గుమ్మంలోంచి మనవరాలు వితు అడిగింది.

"మీ అమ్మనడుగు. పెద్ద చదువులకి వెళ్ళే మనిషి. గంజిలో ఏం వెయ్యాలో కూడా ఆవిడే చెబుతుంది."

చీపురు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

ముందురోజు ఆదివారం ఆరాధన చివర్లో జరిగిందే ఈ మౌనానికంతటికీ కారణం. వాళ్ళ ఊరి ప్రార్థనశాలకి సొంత పాస్టరు లేడు. ఉన్న ఒక్కాయన కొండల చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటికీ సైకిలు మీద తిరగాలి. వానాకాలం వాగులు పొంగితే నెలల తరబడి కనిపించడు. అలాంటప్పుడు ఆదివారం వాక్యమైనా, పెళ్ళి ప్రార్థనైనా, చావైనా సంఘ పెద్ద హెజెకియా గోండ్వే మీదే పడుతుంది. ఆయన న్యాతెంబో భర్త. ఇలా ఊళ్ళలో సంఘాల బరువు మోస్తున్నవాళ్ళకి నేర్పడానికే కొండ అవతల బైబిల్ బడి పెట్టారు. పంట ఇంటికొచ్చాక, మళ్ళీ వానలు పడేలోగా అక్కడ పాఠాలు చెబుతారు. మనిషిని పంపే ఊరే అతని తిండిగింజలు చూసుకోవాలి. ఈ ఏడు తమ ఊరికి వంతు వచ్చింది. వెళ్ళేది తన భర్తేననుకుని న్యాతెంబో ఆయన నల్ల కోటు ఉతికి ఆరేసింది, ఊడిన బొత్తాలు కుట్టింది. తీరా ఆదివారం నాడు చదివిన పేరు తివోంగేది.

చేతిపంపు దగ్గర న్యాజింబా బిందె కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. పక్కింటావిడే. పలకరింపుకీ ఎత్తిపొడుపుకీ ఆవిడకి ఒకటే గొంతు.

"ఏం న్యాతెంబో, ఇకనుంచి కోడలు ప్రసంగం చెబితే మీ ఆయన గంట కొడతాడన్నమాట!"

"కొడితే కొడతాడు. నీ మొగుడిలా కల్లుకుండ పక్కన కునికిపాట్లు పడడు కదా!"

పంపు దగ్గరున్న ఆడవాళ్ళందరూ ఘొల్లుమన్నారు. న్యాజింబా కూడా నవ్వింది. నవ్వాక దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"సరదాకన్నాలే. కానీ ఒక్కమాట. పడుచుపిల్ల, మొగుడు పోయినది. అక్కడికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. రేపు ఇద్దరు పిల్లల్నీ తీసుకుని అటునుంచి అటే పోతే నువ్వేం చేస్తావు?"

న్యాతెంబో నిండిన బిందె తలకెత్తుకుని నడిచింది. బిందెలో నీళ్ళు చింది కళ్ళల్లో పడినా తుడుచుకోలేదు.

మధ్యాహ్నం పెద్దాయన హెజెకియా వాకిట్లో ఎండకి కూర్చుని పారకి కొత్త పిడి చెక్కుతున్నాడు. న్యాతెంబో గాదె పక్కన చాప మీద వేరుశనక్కాయలు ఒలుస్తోంది. తివోంగే వచ్చి, పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతిలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"అత్తా, శుక్రవారం బయల్దేరాలి. సంఘంవాళ్ళు కొంత ఇస్తామన్నారు. మిగతాది మన ఇంటినుంచి పోవాలి. గాదెలోంచి మొక్కజొన్న దించుకోనా?"

"ఆ గాదె నీదా?"

"కాదత్తా. అందుకే అడుగుతున్నా."

"అడిగేదానివి నీ పేరు చదవకముందు అడగాల్సింది. మామ నోటి ముందు ముద్ద లాక్కున్నావు. ఇప్పుడు గాదె కూడా ఊడ్చుకుపోతావా?"

"నేనెవరి ముద్దా లాక్కోలేదు."

"లాక్కోలేదా? ఇన్నేళ్ళు వానకి తడిసి, ఎండకి ఎండి, జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా ఈ సంఘాన్ని మోసిందెవరు? నువ్వా? నిన్నగాక మొన్న ఈ గుమ్మంలోకి వచ్చి, పెద్దవాళ్ళని దాటుకుని ముందుకెళ్ళి నిలబడతావా?"

తివోంగే తల దించుకుంది. పెద్దాయన చెక్కుతున్న పిడిని ఇటూ అటూ తిప్పి చూస్తున్నాడు తప్ప తలెత్తలేదు.

"సరే, వెళ్తే వెళ్ళు," అంది న్యాతెంబో. "పిల్లలు మాత్రం ఇక్కడే ఉంటారు. మీ వాళ్ళకి ఓలి కింద పశువుల్ని ఇచ్చి నిన్ను తెచ్చుకున్నాం. వాళ్ళు గోండ్వే వాళ్ళ బిడ్డలు. గడప దాటనివ్వను. అయితే వాళ్ళని చూసుకునేది నేను కాదు. నా చేత్తో ముద్ద కూడా పెట్టను."

"పిల్లల్ని పోనివ్వవు, ముద్దా పెట్టవు. అదెలా కుదురుతుందే?" పెద్దాయన మెల్లగా అన్నాడు.

"మీరు ఆ పిడి సంగతి చూసుకోండి! అన్నిటికీ నోరు మూసుకు కూర్చునే కదా ఇంతదాకా తెచ్చారు!"

తివోంగే తలెత్తింది. అత్త చేతుల్లో కాయలు చితికిపోతున్నాయి, గింజలు పొట్టులో పడిపోతున్నాయి. ఆవిడ చూసుకోవడం లేదు.

"అత్తా, నేను తిరిగి రాననుకుంటున్నారా?"

"రావు." న్యాతెంబో గొంతు ఒక్కసారిగా సన్నబడింది. "ఎవరొచ్చారు? వాడూ వచ్చేస్తానమ్మా అనే ఆసుపత్రికి బండెక్కాడు. చెయ్యి కూడా ఊపాడు."

ఖుంబో పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అతను న్యాతెంబోకి ఒక్కగానొక్క కొడుకు, తివోంగే భర్త. అంతకు ముందటేడు వానల్లో జ్వరంతో పోయాడు. అత్త కోడలి ముందు ఏడవదు, కోడలు అత్త ముందు ఏడవదు. అలాగే నెట్టుకొస్తున్నారు.

"నేనూ ఆయన గురించే వెళ్తున్నానత్తా," అంది తివోంగే.

"పోయినవాడి గురించి ఇప్పుడు చదువేమిటి?"

"ఆ రోజు మీరు గోతి దగ్గర లేరు. స్పృహ లేకుండా పడి ఉంటే ఆడవాళ్ళు మిమ్మల్ని ఇంట్లోనే పట్టుకున్నారు. నేనున్నాను. వాగు పొంగింది, పాస్టరుగారు రాలేకపోయారు. మామ పుస్తకం పట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపు నిలబడినా ఆయన నోరు పెగల్లేదు. తండ్రిగా ఏడవాలో, సంఘ పెద్దగా ప్రార్థన చెయ్యాలో తెలియక అలాగే వానలో తడిసిపోయారు. గోతిలోకి నీళ్ళొస్తున్నాయని మగవాళ్ళు మట్టి వేసేశారు. ఒక్క మాట లేదత్తా. ఒక్కటంటే ఒక్క మాట లేకుండా మట్టి వేసేశారు."

న్యాతెంబో భర్త వైపు చూసింది. అంతా పద్ధతిగానే జరిగిందని ఆయన ఆ రోజు ఇంటికొచ్చి చెప్పాడు. ఇన్నాళ్ళూ ఆవిడ అదే నమ్మింది.

"మన ఊళ్ళో ఇంకే తండ్రీ అలా నిలబడకూడదు," అంది తివోంగే. "అందుకే సరేనన్నాను. గొప్పకి కాదు."

"అయితే ఆయనే వెళ్ళి నేర్చుకోవచ్చుగా! నువ్వే ఎందుకు?"

పెద్దాయన పార పక్కన పెట్టాడు. ఒడిలో పడ్డ చెక్క ముక్కలు దులుపుకున్నాడు.

"ఆ పేరు చెప్పింది నేనేనే," అన్నాడు.

"ఏమిటీ?"

"పెద్దల కూటంలో అందరూ నన్నే వెళ్ళమన్నారు. నేనే వద్దన్నాను. తివోంగేని పంపుదామని నేనే అన్నాను."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఇంటికొచ్చేసరికి నువ్వు నా కోటు ఉతుకుతున్నావు. ఎంత సంబరంగా ఉతుకుతున్నావంటే, చెప్పడానికి నాకు నోరు రాలేదు."

 పెద్దాయన నేల చూస్తూ మాట్లాడాడు.

"వాడి దగ్గర అలా నిలబడ్డాక, ఏ గోతి దగ్గరికెళ్ళినా నాకు వాడే కనిపిస్తున్నాడు. మొన్న ఆ కమ్మరివాళ్ళ బిడ్డ పోతే సగంలో ఆపేశాను, చూశావుగా. నాకు గొంతు నొప్పి అని నువ్వే అందరికీ చెప్పావు. గొంతు నొప్పి కాదది. బడికి వెళ్తే తీరేదీ కాదు."

"వాడు ఈ పిల్లకి మాత్రం ఏమీ కాడా? తనకి మాత్రం కనిపించడా?"

"కనిపిస్తాడు. కానీ ఆ పిల్ల ఏడుస్తూ కూడా మాట్లాడగలదు. నా వల్ల కాదు."

చాప మీద కోడి ఎక్కి గింజలు తినేస్తున్నా ఎవరూ అదిలించలేదు. న్యాతెంబో లేచింది. పొట్టు దులుపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వంటపాకలోకి వెళ్ళిపోయింది. ఆ పూట మొక్కజొన్న పిండితో వండిన సిమా ముద్దలు గట్టిపడ్డాయి, చిక్కుడాకు కూరలో ఉప్పు లేదు. అందరూ మారు మాట్లాడకుండా తిన్నారు.

బుధవారం పొద్దున తివోంగే నీళ్ళకి వెళ్ళొచ్చేసరికి అత్త గాదె నిచ్చెన మీద ఉంది. కంకులు కిందకి విసురుతూ, పుచ్చినవి పక్కకి తీసేస్తూ తనలో తను గొణుక్కుంటోంది.

"నేను దించుకుంటానత్తా, మీరు పడతారు."

"నువ్వు దించితే పుచ్చువీ మంచివీ కలిపేస్తావు. అక్కడ నలుగురు తినేది. గోండ్వే వాళ్ళ గాదెలో పుచ్చుగింజలున్నాయని కొండ అవతలివాళ్ళు చెప్పుకోవాలా?"

తివోంగే కింద నిలబడి కంకులు ఏరింది. అత్త ముఖం ఆమెకి కనిపించలేదు.

శుక్రవారం ఎద్దులబండి మీద పిండి మూట, పరుపుచాప, చిన్న కుండ పెట్టారు. తివోంగే తన చిన్న బిడ్డ మపోపని చంకలోంచి దించలేక దించుతూ, వాడికి చలిగాలికి చెవినొప్పి వస్తుందని చెప్పబోయింది.

"వాడికి చెవినొప్పి వస్తుందని నాకే చెబుతున్నావా?" న్యాతెంబో వాణ్ణి లాక్కుని చంకనేసుకుంది. "వాడి నాన్నకీ అంతే. ఎక్కు, ఎక్కు. ఎద్దులు అలిసిపోతాయి."

బండి మలుపు తిరిగేదాకా ఆవిడ చూస్తూనే ఉంది. ఈసారి చెయ్యి ఊపింది ఆవిడే.

ఆ రోజు నుంచి న్యాతెంబోకి చేతినిండా పని. వితుని బడికి తయారుచెయ్యడం, మపోప వెనక పరిగెత్తడం, వేళకి ఇంత వండి పెట్టడం. వారానికోసారి ఆడవాళ్ళ సమాజం కూడినప్పుడు, బైబిల్ బడికి ఏం పంపాలో మొదట మాట్లాడేది ఆవిడే అయింది. "చిక్కుడుగింజలు నువ్వివ్వు. ఎండుచేపలు నువ్వు. లేవంటే ఒప్పుకోను, మొన్న సంతలో నీ గంప చూశాను," అని న్యాజింబాని కూడా వదల్లేదు.

"కోడలు వెళ్ళినా పెత్తనం మాత్రం ఇంట్లోనే ఉంది!" అంది న్యాజింబా. అన్నా, ఎండుచేపలు రెండు దోసిళ్ళు ఎక్కువే తెచ్చింది.

కొండ మీద గడ్డి ఎండి పసుపు తిరిగాక, ఆడవాళ్ళు కలిసి ఆ గింజలు మోసుకుంటూ బైబిల్ బడికి బయల్దేరారు. మపోప నానమ్మ వీపున గుడ్డలో నిద్రపోయాడు. బడి అంటే రేకుల కప్పు వేసిన రెండు ఇటుక గదులు, ఓ వంటపాక. మూటలు దించాక, పాఠం బయట జరుగుతోందంటే చూద్దామని వెళ్ళి వెనక నిలబడ్డారు.

ఆ రోజు భూస్థాపన నేర్పుతున్నారు. శవపేటిక స్థానంలో ఒక బల్ల వేశారు. ఒక్కొక్కరే వచ్చి నిలబడి ప్రార్థన చెయ్యాలి. ఒకాయన పుస్తకం తెరిచి గుక్క తిప్పుకోకుండా చదివేశాడు.

"అయ్యా, ఎక్కాల్సిన లారీ ఏమైనా వెళ్ళిపోతోందా?" అన్నాడు పాఠం చెబుతున్న లుహంగ మాస్టారు. "ఎదురుగా ఉన్నది బిడ్డని పోగొట్టుకున్న తల్లి అనుకోండి. ఆవిడకి అందేలా చదవండి." అందరూ నవ్వారు. చదివినాయన కూడా నవ్వి మొదటినుంచి మొదలుపెట్టాడు.

తర్వాత వంతు తివోంగేది. వెనక ఎవరున్నారో ఆమె చూడలేదు.

"పుస్తకంలోది అయ్యాక, ఆ ఇంటివాళ్ళ కోసం మీ మాటల్లో అడగండి," అన్నాడు మాస్టారు. "చనిపోయినవాళ్ళ పేరు తప్పకుండా చెప్పాలి. ఏదో ఒక పేరు అనుకోండి."

తివోంగే వంగి గుప్పెడు మట్టి తీసుకుంది. 

"తండ్రీ, ఖుంబో గోండ్వేని నీకు అప్పగిస్తున్నాం," అంది.

న్యాతెంబో, పక్కనున్న న్యాజింబా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"హెజెకియాకీ న్యాతెంబోకీ పుట్టినవాడు. వాళ్ళకి అతనొక్కడే. మాకు కొద్దికాలమే దొరికాడు. మేమింకా చాలు అనలేదు. అయినా నీ చేతికిస్తున్నాం, జాగ్రత్తగా పట్టుకో. కన్నతల్లి ఇంట్లో పడి ఉంది, ఇక్కడికి రాలేకపోయింది. నువ్వే వెళ్ళి ఆవిడ పక్కన కూర్చో. తండ్రికి మాట రావడం లేదు. ఆయన నోట్లో ఆగిపోయినదంతా నువ్వు విన్నావని ఆయనకి చెప్పు..."

 కళ్ళు ధారలు కట్టాయి. మాట మాత్రం ఆగలేదు. మట్టి బల్ల మీద రాలింది.

న్యాతెంబో ఉన్నచోటే నేల మీద కూలబడింది. ఎన్నడూ కోడలి ముందు ఏడవని మనిషి, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ గొంతెత్తి ఏడ్చింది. వాన నీళ్ళల్లో, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయిన బిడ్డని ఇప్పుడే ఎవరో చెయ్యిపట్టుకుని సాగనంపినట్టనిపించింది ఆవిడకి.

తివోంగే తిరిగి చూసి, పరిగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద వాలింది.

"అత్తా! మీరున్నారని తెలియదు. అడక్కుండా ఆ పేరు తీసుకున్నాను. తప్పు చేశానా?"

"లే," అంది న్యాతెంబో, కొంగుతో ముందు కోడలి ముఖం, తర్వాత తన ముఖం తుడుస్తూ. "మోకాళ్ళ మీద కూర్చోకు. ప్రార్థన చెప్పేవాళ్ళు నిలబడాలి."

అలికిడికి మపోప లేచి, తల్లిని చూసి చేతులు చాచాడు. తివోంగే వాణ్ణి ఎత్తుకుంది. మాస్టారు, విద్యార్థులు దూరంగా జరిగారు.

"వానలు పడేలోగా ఇంటికొస్తావుగా?" అడిగింది న్యాతెంబో.

"వస్తానత్తా."

"రాగానే వాడి నాన్న సమాధి దగ్గరికి వెళ్దాం. మీ మామనీ తీసుకెళ్దాం. ఈ మాటలన్నీ అక్కడ ఇంకోసారి చెప్పు."

"మామ తట్టుకోగలరా అత్తా?"

"తట్టుకోనక్కర్లేదు," అంది న్యాతెంబో. "ఈసారి ఆయన ఏడవడానికే వస్తాడు."