ఆదివారం సీసాడు నీళ్ళు

గొడుగు దులపగానే సగం వాన అక్వేరియం షాపులోకి వచ్చిపడింది.

"ఏమండీ, అక్వేరియంలో పెట్టే లైవ్ రాక్ మీ దగ్గరేనటగా?"

తడిసిన మేత ప్యాకెట్లు తుడుచుకుంటున్న హేమసుందర్ విసుక్కుందామని తలెత్తాడు. వినీల. మూడేళ్ళ తర్వాత.

"నువ్వా... మీరా?"

"కస్టమర్నండీ. 'మీరే' బాగుంటుంది."

ఆ 'అండీ'లో ఎంత కారం ఉందో అతనికి తెలుసు.

డిగ్రీ రోజుల్లో బందరు నుంచి బెజవాడ వచ్చే ఏడింటి బస్సులో అతను ముందే ఎక్కి, కిటికీ సీటు మీద కర్చీఫ్ వేసేవాడు. పామర్రులో ఆమె ఎక్కి, కర్చీఫ్ మడిచి ఇచ్చి కూర్చునేది. ఉయ్యూరు దాకా కబుర్లు, ఆ పైన ఆమెకు నిద్ర. రెండేళ్ళు అదే వరస. తలచుకుంటే ఆ కిటికీ గాలి ఇప్పటికీ మొహానికి తగులుతుంది.

ఒకరోజు చేపలమ్మే అమ్మ పేరమ్మ చుట్టాలకిమ్మని ఎండుచేపల సంచి చేతికిచ్చింది. ఉయ్యూరు దాటి వినీల నిద్రలో ఉండగా, ముందు సీటావిడ కొంగుతో ముక్కు మూసుకుని, "ఎవరండీ ఈ కంపు?" అంది. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. మర్నాటి నుంచి అతను ఆరింటి బస్సు పట్టుకున్నాడు. వినీల ఫోన్ చేస్తే ఎత్తలేదు. పిరికితనానికి సిగ్గు అని పేరు పెట్టుకుని బతికేశాడు.

"ఈ రాళ్ళు శుభ్రం చేసినవండీ. నేరుగా అక్వేరియంలో పెట్టుకోవచ్చు," అన్నాడు.

"ఆ మూల టబ్బులోవి?"

"నిన్ననే వచ్చాయి. గుల్లలు, సిమెంటు కలిపి మేమే రాళ్ళు పోసి, ఏడాదిపాటు బందరు దగ్గర ఉప్పుటేట్లో ముంచి ఉంచుతాం. వాటికి పట్టిన జీవాల్లో కొన్ని దారిలో చచ్చిపోతాయి. నెలా నెలన్నర ఉప్పునీళ్ళలో ఉంచి, ఆ కుళ్ళు పోయేదాకా తేర్చాలి. ఆ వాసన మీరు భరించలేరు."

"నేనేం భరించగలనో మీరే తేల్చేస్తారా? అలవాటనుకుంటా!"

అతను టబ్బు ముందుకు జరిపాడు. ఆమె ఒక్కో రాయీ ఎత్తి చూస్తోంది.

"బరువైంది వద్దండీ. బొరియలెక్కువుండి చేతికి తేలిగ్గా ఉండాలి. ఊదారంగు మచ్చలున్నది మంచిది. చివరగా వాసన చూడండి. సముద్రం వాసనొస్తే తీసుకోండి, కుళ్ళు వాసనొస్తే వదిలేయండి."

వినీల ఒక రాయిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అంతసేపు అక్కర్లేదు నిజానికి.

"ఇదే," అంది.

చచ్చిన నాచును టూత్‌బ్రష్‌తో రుద్దాలి, కుళాయి నీళ్ళు తగలనివ్వకూడదు, టబ్బులో చిన్న మోటారు తిరుగుతూనే ఉండాలి, వారానికోసారి ఉప్పునీళ్ళు మార్చాలి అని అప్పగింతలు పెట్టాడు.

"నీళ్ళలో కుళ్ళు వల్ల పుట్టే అమ్మోనియా జీరో వచ్చేదాకా ప్రతి ఆదివారం సీసాడు నీళ్ళు తెస్తాను. టెస్ట్ చేసి పెట్టండి," అని ఆర్డరేసి వెళ్ళింది.

మొదటి ఆదివారం టెస్ట్ చుక్కలు వేయగానే గొట్టంలో నీళ్ళు ముదురాకుపచ్చగా మారాయి, అమ్మోనియా ఎక్కువని. రెండో ఆదివారం, "పక్కింటివాళ్ళు డ్రైనేజీ వాళ్ళని పిలిపించారండీ!" అని పడీపడీ నవ్వింది. మూడోసారికి 'అండీ' అక్కడక్కడా జారిపోయింది. నాలుగోసారికి అతను క్షవరం చేయించుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఆకుపచ్చ పలచబడి పసుపులోకి వస్తోంది. జీరో వచ్చిందంటే ఇక ఆమె రాదు. ఆలోపు బస్సు సంగతి చెప్పాలి. ఉప్పుటేట్లో పీకల్లోతు దిగే మనిషికి ఆ ఒక్క మాటకు ధైర్యం చాలడం లేదు.

ఆ గురువారం ఒక పెద్దమనిషి వచ్చాడు.

"నేను వినీల నాన్నని బాబూ, తిరుపతిరావుని. ఆ రాయిలోంచి చిట్టి పీత ఒకటి బయటికొచ్చింది. దానికేం పెట్టాలి?"

"గోరంత రొయ్య ముక్క చాలండీ." హేమసుందర్ తడబడ్డాడు. "వాసన... ఇబ్బందిగా ఉందాండీ?"

"నెల్లాళ్ళు తిట్టుకున్నాను. ఇప్పుడు పొద్దున్నే లేచి ముందు దాన్నే చూస్తున్నాను. అవునుగానీ, ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్లో నీళ్ళు పరీక్షించడమే మా అమ్మాయి ఉద్యోగం. మరి సీసా నీ దగ్గరికెందుకు మోసుకొస్తోందంటావు?"

జవాబు కోసం ఆగకుండా రొయ్యలు కొనడానికి వెళ్ళిపోయాడు.

ఆదివారం మళ్ళీ వాన. వినీల సీసా బల్ల మీద పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"మీ ల్యాబ్‌లో ఎంత వచ్చింది?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "జీరో. మొన్ననే."

"మరి ఇదెందుకు తెచ్చావు?"

"ఇవాళైనా నోరు తెరుస్తావేమోనని."

తెరిచాడు. ఎండుచేపల సంచి, ముందు సీటావిడ, ఆరింటి బస్సు, అన్నీ చెప్పేశాడు.

"ముక్కు మూసుకుంది ఆవిడ," అంది వినీల. "సీటు పోయింది నాకు. ఏం తప్పు చేశానో తెలీక, ఆ బస్సులో పరీక్షలయ్యేదాకా నిలబడి వెళ్ళాను."

"తప్పు నాదే వినీలా. ఇంకెప్పుడూ నీ తరఫున నేను తేల్చను. అడుగుతాను. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"ఊఁ." కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "నాన్నని కూడా అడుగు. బయటే ఉన్నారు."

చెప్పులైనా వేసుకోకుండా వానలోకి నడిచాడు. పక్కషాపు రేకు కింద తిరుపతిరావు నిలబడి ఉన్నాడు.

"వినీలని చేసుకుంటానండీ, మీరు ఒప్పుకుంటే. కానీ మా అమ్మ ఇప్పటికీ చేపల గంప దించలేదు. ముందే చెబుతున్నాను."

"దించమని ఎవరన్నారయ్యా?" అన్నాడాయన. "ఫోన్ చెయ్యి ఆవిడకి. ముగ్గురం భోజనానికొస్తున్నాం, పులుసు పెట్టమను."