తొడుగు తీసిన చెయ్యి

"ఇంగువ డబ్బా మూత మీరు తీశారా?" అని వకుళ వంటింట్లోంచే అడిగింది.

ఆమె భర్త శేషగిరిరావు వెనక వరండాలో చెక్క ముందు కూర్చుని ఉన్నాడు. మూత అతని మోకాలి పక్కనే ఉంది. చారు పొయ్యి మీద మరుగుతుండగా వకుళే వచ్చి చూసింది.

"డబ్బా అరగంట నుంచి బార్లా నోరు తెరుచుకుని ఉంది. ఇంగువ వాసన పోతే చారులో మీ చెక్కపొట్టు వెయ్యనా?"

"మూలకి గుండ్రం గీసుకోవడానికి తీశానోయ్. ఇచ్చేస్తాలే."

"మీకు మూత ఎందుకు? చేతికి ఆ తోలు ఉందిగా. అదే గీస్తుంది, అదే కోస్తుంది."

మూత ఎందుకో ఆమెకు తెలుసు. ఈ మధ్య కాలనీలో ఎవరు ఏ చెక్కసామాను చేసినా ఒక మూల కాస్త పెన్సిలు గీత చెరపకుండా వదిలేస్తున్నారు. స్వయంగా చేసినట్టు కనబడటానికి. ఆ గీతను కూడా తొడుగే గీస్తుందని అందరికీ తెలుసు. అయినా ఒకరి గీత చూసి ఒకరు మెచ్చుకుంటారు.

నేర్పుతొడుగు వచ్చి పదేళ్ళు దాటింది. ఉల్లిపొర కన్నా పల్చన. ఒకసారి చేతికి ఎక్కించుకుంటే మళ్ళీ స్నానానికి తీస్తే చాలు. వీణ వాయించాలన్నా, జాకెట్టు కుట్టాలన్నా, చేప శుభ్రం చెయ్యాలన్నా ఏ పనో నోటితో చెబితే వేళ్ళను అదే నడిపిస్తుంది. చెయ్యి మనదే కాబట్టి పని కూడా మనదేనని కంపెనీ వాళ్ళు చెప్పారు. జనం సంతోషంగా నమ్మారు. ఎదురింటి అలివేణి రోజూ వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తూ చెల్లెలితో ఫోనులో మాట్లాడుతుంటుంది. ఇవాళ ఏం ముగ్గండీ అని ఎవరైనా అడిగితే వంగి చూసుకుని చెబుతుంది. అన్నం కలిపేటప్పుడు కూడా ఎవరి వేలి సందుల్లోంచీ మెతుకు జారదు. కాకినాడలో ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా అవే నగిషీలు, అవే అరలు, అవే నున్నటి గుండ్రటి మూలలు. ఒకరి ఇల్లు అనుకుని మరొకరి ఇంట్లో కూర్చున్నా పొరపాటు తెలియదు.

వకుళ మాత్రం తొడుగు కొనుక్కోలేదు. కాలనీ ఆడవాళ్ళు ఆమె వంకర ముగ్గును చూసి జాలిపడేవారు. ఆమె వాళ్ళ తిన్నని ముగ్గులను చూసి జాలి కూడా పడేది కాదు.

ఈ చెక్క సంగతి వేరు. శేషగిరిరావు ఇంటి ఆనవాయితీ ప్రకారం బిడ్డకు అక్షరాభ్యాసం చేసేటప్పుడు తాతే చెక్కపలక చెయ్యాలి. పలక చేసినవాడే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బిడ్డ చెయ్యి పట్టి మొదటి అక్షరం రాయించాలి. పలక మూలలు పసిచేతికి గుచ్చుకోకుండా గుండ్రంగా ఉండాలి. మనవరాలు ఉదితకు నాలుగో ఏడు. ఆ చిన్న చెయ్యి పట్టుకునే రోజు కోసం శేషగిరిరావు ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి ఎదురుచూస్తున్నాడు. టేకు ముక్క కూడా అప్పుడే కొని దాచాడు.

"మీ తాతగారు మీకు పలక చేసినప్పుడు ఏ తొడుగు వేసుకున్నారు?" అంది వకుళ.

"అప్పుడు లేవుగా."

"లేకపోయినా పలక వచ్చింది. మీరు చేసేది ఆ తొడుగు పలక. రేపు పిల్ల చెయ్యి పట్టేదీ అదే. మీరు పక్కన కూర్చుని ఫొటో దిగండి."

శేషగిరిరావుకు పౌరుషం వచ్చింది. "ఇన్నాళ్ళు చూశాను నీ ఎత్తిపొడుపులు. ఇదిగో, తీసేస్తున్నా. చూడు." మణికట్టు దగ్గర గిల్లి తొడుగు ఊడబీకి గడప మీద పెట్టాడు. మూతను చెక్క మూలన ఆనించి పెన్సిలు తిప్పాడు.

గీత మూత అంచు వదిలేసి పక్కకు పోయింది. మళ్ళీ గీశాడు. రంపపు పళ్ళలా వచ్చింది.

వకుళ నవ్వింది. "బావుంది. ఒకటో తరగతి పిల్లలు..." అని ఆగిపోయింది. అతను పెన్సిలు కింద పెట్టేశాడు. ఖాళీగా ఒళ్ళో పెట్టుకున్న కుడిచెయ్యి ఇంకా కదులుతూనే ఉంది. బొటనవేలు చూపుడువేలి మీద గింజ నలుపుతున్నట్టు ఆడుతోంది.

"ఆపండి," అంది.

"ఆపుతున్నా," అన్నాడు. అది ఆగలేదు.

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచి?"

"స్నానానికి తీసినప్పుడు కాస్త ఉండేది. చన్నీళ్ళు కదా, చలి అనుకున్నా. తొడుక్కోగానే పోయేది."

"మే నెలలో కూడా చలేనా?"

అతను గడప వైపు చూశాడు. వకుళ ఆ తొడుగును రెండు వేళ్ళతో, బల్లిని పట్టుకున్నట్టు, పైకెత్తింది. దానితో ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.

"ఈయన చెయ్యి వణుకుతోందని నీకు తెలుసా?"

"తెలుసండి," అంది తొడుగు మర్యాదగా. "నాలుగేళ్ళుగా సవరిస్తున్నాను. ఈ ఏడు సవరణ బాగా పెరిగింది."

"ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"గీత చక్కగానే వచ్చిందండి. చెప్పవలసిన లోపం ఏదీ మిగలలేదు. మూల కొయ్యమంటారా?"

వకుళ దాన్ని మసిగుడ్డ కింద పడేసింది. పాపం, దాన్ని తిట్టి ఏం లాభం? గీత బాగుందా లేదా అన్నది తప్ప దానికి ఇంకేం చూడమని ఎవరూ నేర్పలేదు. నేర్పినవాళ్ళూ అదే చూశారు. ఈ ఇంట్లో తనూ, కొడుకూ, కోడలూ అదే చూస్తూ నాలుగేళ్ళు భోంచేశారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమే విషయం చెప్పింది. కొడుకు కౌస్తుభ్ ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. కోడలు ప్రణవి మాత్రం త్వరగా తేరుకుంది.

"కంగారేముంది అత్తయ్యా, తొడుగు ఉందిగా. మావయ్యకు ఏమీ కానట్టే ఉంటుంది."

"కొత్త రకం వచ్చిందమ్మా," అన్నాడు కౌస్తుభ్. "స్నానానికి కూడా తియ్యక్కర్లేదు."

"అయితే ఇంకేం. మీ నాన్నకు జబ్బే లేదు. తలుపేసుకుంటే బయట వాన లేనట్టే," అంది వకుళ.

"అది కాదమ్మా, డాక్టరుకు చూపిద్దాం. కాకపోతే అక్షరాభ్యాసం నాడు..."

"ఆ రోజు తొడుగుతోనే పట్టించండి మావయ్యా," అంది ప్రణవి. "అందరూ వస్తారు. వీడియో తీస్తారు. ఉదితకు పసితొడుగు కూడా తెప్పించేశాను. ఇద్దరివీ కలిపేస్తే 'ఓం' ముత్యంలా వస్తుంది."

"రెండు తొడుగులూ కూర్చుని రాసుకుంటాయి. మనం శనగలు పంచుకుందాం," అంది వకుళ.

ఉదిత అప్పడం విరుస్తూ తాత చేతి వైపు చూస్తోంది. ఇంట్లో ఎప్పుడూ చూడనిది, తొడుగు లేని ఆ చెయ్యి. పాలిపోయి, ముడతలు పడి, చారన్నం ముద్ద చేస్తుంటే కంచం చుట్టూ మెతుకులు రాలుస్తోంది.

"తాతా, నీ చెయ్యి డాన్స్ చేస్తోంది," అంది.

శేషగిరిరావు ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకోబోయి మానుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మంచినీళ్ళు తాగాడు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఒట్టి చేతులతోనే," అన్నాడు. "పిల్లకు ఆ తొడుగు వద్దు, వెనక్కి పంపెయ్యి ప్రణవీ. పలక నేనే చేస్తాను. పెన్సిలే నిలవని చేత్తో రంపం పట్టలేను, మూలలు ఉప్పుకాగితంతో రుద్ది అరగదీస్తా. రుద్దడానికి వణుకేం అడ్డం కాదు. అవి గుండ్రంగా అయ్యేదాకా అక్షరాభ్యాసం లేదు."

"ముహూర్తం పెట్టేశాం కదా నాన్నా."

"ఇంకోటి పెట్టుకో."

"పిలుపులు కూడా అయిపోయాయి మావయ్యా. అయినా ఆ రోజు పిల్ల చెయ్యి కూడా వణికి గీత వంకర పోతే?"

"పోతుంది," అన్నాడు శేషగిరిరావు. "తన చెయ్యి నా చేతిలో ఉందని పిల్లకు తెలుస్తుంది." కంచం కాస్త ముందుకు జరిపాడు. "వకుళా, మజ్జిగ పొయ్యి."