ఇనారి సరస్సు మీద గట్టి స్ప్రింగు

"పన్నెండు కల్లా ఆ థర్మాస్ సరిహద్దు దాటి హెలికాప్టర్ ఎక్కిందా, అవతలున్న మన పదకొండు మంది పనీ అయిపోయినట్టే," అన్నాడు చీఫ్ పెకోనెన్ ఇయర్‌ఫోన్‌లో. "నీ చెల్లెలు రిస్టిన్‌తో సహా."

మంచు మీద నడిచే స్నోమొబైల్ బళ్ళ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ యోవ్నా నుదుటికి ఎదురుగా పిస్టల్ ఉంది. దాన్ని పట్టుకున్నది ఓటీలియా, నిన్నటిదాకా అతని తోటి ఏజెంట్. ఎర్ర లిప్‌స్టిక్, తెల్ల నక్కబొచ్చు టోపీ, చంకలో థర్మాస్. అందులో ఉన్నది కాఫీ కాదు, ఆ పదకొండు పేర్లున్న మైక్రోఫిల్మ్.

"నా బండి క్లచ్‌లో రేసు స్ప్రింగ్ వెయ్యి. అన్నిటికన్నా గట్టిది."

"అది వేస్తే ఇంజన్ గోలపెట్టాక గానీ క్లచ్ పట్టదు. పట్టిందంటే బండి ఎగిరి దూకుతుంది. జింకలు కాసేవాళ్ళు మెత్తటిదే వేయించుకుంటారు."

"నేనేమన్నా జింకలు కాస్తున్నానా? వెయ్యవయ్యా బాబూ!"

మోసం చేద్దామంటే ఏ రంగు స్ప్రింగ్ ఎంత గట్టిదో ఆమెకు తెలుసు. యోవ్నా ఒళ్ళు మండిపోతున్నా బుద్ధిగా బిగించాడు.

"కాలిస్తే ఊరంతా వస్తుంది, బతికిపో," అని ఆమె అతని బండిని నడిపే బెల్టు ఊడబీకి తీసుకుపోయింది.

యోవ్నా పాత సామాన్లన్నీ కెలికి, బీటలు వారిన బెల్టొకటి తగిలించి వెంటపడ్డాడు. గడ్డకట్టిన సరస్సు మీద ఆమె అప్పటికే చుక్కంత అయిపోయింది.

"చీఫ్, అందుకోలేను! బెల్టు పొగలు కక్కుతోంది!"

"పది నిమిషాలే ఉంది, ఏదో ఒకటి చెయ్యరా!"

"ఏం చెయ్యను?" యోవ్నాకి ఏడుపొచ్చింది. చెల్లెల్ని ఈ ఉద్యోగంలో పెట్టింది తనే.

అంతలో దూరాన ఆ చుక్క ఆగింది.

అక్కడ గడ్డ పైన, మంచుపొర కింద నీళ్ళు ఊరాయి. అలాంటి చోట యాక్సిలరేటర్ వదలకూడదని ఇనారిలో బడిపిల్లలకూ తెలుసు. హెల్సింకీ నగరంలో పెరిగిన ఓటీలియా నీళ్ళు చిమ్మడం చూసి హడలిపోయి ఆపేసింది. మళ్ళీ కదిలించబోతే ఇంజన్ కేకలు పెట్టింది, క్లచ్ ఒక్కసారిగా పట్టింది. బండి ముందుకు పోకుండా బురదమంచును తవ్వుకుంటూ సీటు దాకా దిగబడింది. పిస్టల్ ఎటో ఎగిరిపోయింది.

యోవ్నా బండి మెత్తటి స్ప్రింగుతో నింపాదిగా తేలుతూ వచ్చింది. ఆపకుండానే పక్కకి వంగి ఆమె చంకలోని థర్మాస్ లాక్కున్నాడు. టైము పదకొండు యాభై తొమ్మిది. పన్నెండు కొట్టగానే సరిహద్దు అవతల ఎదురుచూస్తున్న హెలికాప్టర్ ఖాళీగా వెనుదిరిగింది.

"ఆగు! నన్నిలా వదిలేసి పోతావా?"

"ఆగితే నేనూ దిగబడతాను తల్లీ! పోలీసులొస్తారు, కదలకు!"

ఇయర్‌ఫోన్‌లో చీఫ్ అడిగాడు: "రిపోర్టులో ఏం రాయను?"

"కస్టమర్ అడిగినట్టే పని చేశానని రాయండి సార్. ఫిర్యాదు మాత్రం ఆవిడ ఇంకా చేస్తూనే ఉంది."