కొసరుకి చోటు

ఆ పొద్దున్న హైమకి ఇడ్లీ తినిపిస్తూనే అనూరాధ ఒక కన్ను ఫోన్ మీద వేసి ఉంచింది. రాత్రి కొత్త ఆర్డర్లు వచ్చాయి. ఒకటి బెంగుళూరు, ఒకటి పుణె, మిగిలినవి హైదరాబాదు. మూడేళ్ల పిల్ల ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటే, మింగమని బతిమాలుతూ ఆ ఊళ్ల పేర్లు లోపల్లోపలే చదువుకుంటోంది. ఆర్డరు వస్తే సంతోషించాలి. ఈమధ్య ఆర్డరు వచ్చినప్పుడల్లా ఆమెకి గుండెల్లో రాయి పడ్డట్టు ఉంటోంది.

ఆమదాలవలస బజారులో ఉమాపతి గారి పప్పుల కొట్టు తెలియనివాళ్లు లేరు. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెండింటికీ మధ్య ఒక గది. ఒకప్పుడు అందులో మినుముల బస్తాలుండేవి. ఏడాదిగా అది అనూరాధ గది. అత్తగారు కమలాదేవి పెట్టే గుమ్మడి వడియాలని ఆన్‌లైన్‌లో అమ్మడం ఆమె ఆలోచన. భర్త ప్రమోద్ తన పాత లాప్‌టాప్ ఇచ్చాడు. ఇంటరు మొదటి ఏడాదిలోనే పెళ్లి చేసి పంపేసిన పిల్ల, ఇంగ్లీషులో ఉన్న ఆ పేజీలన్నీ కూడబలుక్కుని చదివి, ఫొటోలు పెట్టి, ధరలు పెట్టి, తన కొట్టు తెరిచింది. వడియాలు బాగానే అమ్ముడయ్యాయి. వచ్చిన చిక్కల్లా పార్శిల్ ఖర్చు దగ్గరే.

అర కేజీ లోపు ఒక రేటు. అది దాటితే, ఎంత కొంచెం దాటినా సరే, కేజీ రేటు. ఊరు ఎంత దూరమైతే రేటు అంత పెరుగుతుంది. అందుకే ఆమె నాలుగు వందల గ్రాముల పొట్లం కట్టింది. అట్టపెట్టె, టేపు కలుపుకున్నా అర కేజీ దాటదు. వెబ్‌సైట్‌లో కూడా ఆ లెక్కే పెట్టింది. కొన్నవాళ్లు ఆ ఖర్చే కడుతున్నారు. కానీ నెలాఖరున కొరియర్ వాళ్ల బిల్లు వచ్చేసరికి సగం పార్శిళ్లకి కేజీ రేటు పడుతోంది. ఆ తేడా ఆమె లాభాన్ని నున్నగా నాకేస్తోంది.

ఉమాపతి కాఫీ గ్లాసు కింద పెట్టి, కోడలి వైపు చూడకుండా మాట మొదలుపెట్టారు. ఎరువుల ఏజెంటు ఒకడు గోడౌను వెతుక్కుంటున్నాడట. మధ్య గది అడుగుతున్నాడట.

"ఒకటో తారీకు నుంచి ఇచ్చేద్దామనుకుంటన్నానమ్మా. నువ్వు కష్టపడతన్నావు, కాదన్ను. కానీ కష్టానికి మిగలాలి కదా. మనం యాపారం సేసుకునేవాళ్లం."

ప్రమోద్ కల్పించుకుని కొరియర్ వాళ్లే మోసం చేస్తున్నారేమో అన్నాడు. ఆయన నవ్వి, ఒక నెల మోసం చేస్తారు, రెండు నెలలు చేస్తారు, ప్రతి నెలా చేస్తే మోసపోయేవాడిదే తప్పు అని లేచి కొట్టులోకి వెళ్లిపోయారు. కమలాదేవి మనవరాలి మూతి తుడిచి, వడియాల డబ్బా అందుకుని గదిలోకి నడిచింది.

నాకు లెక్క రాదేమో. అనూరాధని పట్టుకున్న భయం అదొక్కటే. చదువుకున్న పిల్లయితే ఎక్కడ తప్పిందో ఈపాటికి కనిపెట్టేది కదా అనిపించింది. ఆ మధ్యాహ్నం ఆమె ఉండబట్టలేక, సిద్ధంగా ఉన్న పార్శిల్ ఒకటి సంచిలో పెట్టుకుని, హైమని చంకనేసుకుని ఆటో ఎక్కింది.

కొరియర్ ఆఫీసులో నరసింగరావు అనే పెద్దాయన ఉన్నాడు. ఆమె తడబడుతూనే బిల్లు చూపించి అడిగింది. ఆయన విసుక్కోలేదు. పెట్టె తీసుకుని కాటా మీద పెట్టి, అంకెలు ఆమె వైపు తిప్పాడు. అయిదు వందల నలభై.

"మీరే సూడండమ్మా. కాటా అబద్ధమాడదు కదా."

అనూరాధ ఆ అంకెలు మళ్లీ చదివింది. పొద్దున్న పొట్లం తనే తూచింది. ఖాళీ పెట్టె తనే తూచింది. రెండూ కలిపితే అర కేజీకి తక్కువే. మరి ఈ బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది? అక్కడే టేపు పీకి పెట్టె తెరిచింది. తాను చదునుగా నింపిన పొట్లం బొజ్జ వేసుకుని కూర్చుంది. మూతి దాకా కుక్కిన వడియాలు.

పొట్లాలు తూచి తాను హైమ దగ్గరికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత కవర్ల మూతులు అంటించి, పెట్టెలకి టేపు వేసేది అత్తగారు. మూసిన పెట్టెని మళ్లీ కాటా ఎక్కించాలని అనూరాధకి ఏనాడూ తోచలేదు. ఏ చేతి గుప్పెడో ఆమెకి ఇప్పుడు తెలిసిపోయింది. కొట్టులో కేజీ పప్పు తూచాక, కాటా ముల్లు నిలబడ్డాక, కొన్నవాళ్ల సంచిలో మరో గుప్పెడు పడేసే చెయ్యి అది. కొసరు వెయ్యకుండా ఆ ఇంట్లో ఎవరికీ సరుకు ఇవ్వలేదు.

ఆటోలో తిరిగొస్తుంటే ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నెలల తరబడి రాత్రుళ్లు నిద్రపోకుండా తనని తాను తిట్టుకుంది. తప్పు తన లెక్కలో లేదు. ఇంటికి చేరేసరికి అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. విప్పిన పెట్టెని తెచ్చి మధ్యలో పెట్టింది.

"అత్తయ్యా, ఇందులో గుప్పెడు మీరేశారా?"

కమలాదేవి తడుముకోలేదు. "వేశాను. వేస్తే ఏటి?"

"అర కేజీ దాటిపోతోంది. దాటితే కేజీ డబ్బులు. గుప్పెడు వడియాలు ఇస్తున్నామని మీరనుకుంటున్నారు. ఆ గుప్పెడు పుణె దాకా మోయడానికి మనం ఇంకో సగం పార్శిలంత కడుతున్నాం."

"కొసరు ఇయ్యకపోతే అది కొట్టేటే? నా సేత్తో తూకం కట్టి, గీటు గీసినట్టు ఇయ్యమంటావా? మా అత్తగారి కాలం నుంచి ఇలా ఇయ్యలేదు."

"అయితే మీ కొసరే నా గది తీసేస్తోంది అత్తయ్యా."

ఆ మాటకి ప్రమోద్ తల దించుకున్నాడు. కమలాదేవి సగం తిన్న కంచం పక్కకి జరిపి, చెయ్యి కడుక్కుని లేచిపోయింది. పోతూ పోతూ, ఇక నీ పెట్టెలు ముట్టుకోనులే అంది. ఆ మాటలో కోపం కంటే చిన్నబుచ్చుకోవడం ఎక్కువగా వినబడింది అనూరాధకి. నిజం చెప్పి కూడా గెలిచినట్టు లేదు.

ఆ మర్నాటి నుంచి అత్తగారు గదిలోకి రాలేదు. వడియాలు పెట్టడం పెడుతోంది, ఎండబెట్టడం ఎండబెడుతోంది. డబ్బా గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోతోంది. అనూరాధ తనే తూచి, తనే అంటించి, మూసిన పెట్టెని మళ్లీ తూచి పంపింది. బరువు ఒక్క గ్రాము తప్పలేదు. ఒకటో తారీకుకి ఇంకా సగం నెల ఉంది. ఈసారి బిల్లు సరిపోతుందని ధైర్యంగా ఉంది.

అప్పుడు బెంగుళూరు నుంచి ఫోన్ వచ్చింది. సుభద్ర అని, పుట్టిల్లు కోటబొమ్మాళి, మొదటి నుంచీ కొంటున్న మనిషి. వడియాలు బాగానే ఉన్నాయట, తక్కువేమీ రాలేదట. కానీ చెప్పకుండా ఉండలేకపోయిందట.

"ఇదివరకు పెట్టె విప్పితే పొట్లం పగిలేలాగ ఉండేదమ్మా. మా అమ్మే కట్టిచ్చినట్టు ఉండేది. పిల్లలకి సూపించి, సూడండిరా, మా ఊరోళ్లు ఇలాగే ఇస్తారు అని సెప్పుకునేదాన్ని. ఈసారి ఎక్కడో కొన్నట్టుంది. ఏటనుకోకు."

ఫోన్ పెట్టేసి అనూరాధ తన లెక్కలు ముందేసుకుంది. తాను వడియాలు అమ్ముతున్నాననుకుంది. వాళ్లు కొంటున్నది ఆ గుప్పెడు. లెక్కలో తప్పు లేదని అంత గట్టిగా నమ్మింది కానీ, లెక్కలో రాయవలసిన దాన్నే రాయలేదు. పెట్టె బరువు రాసింది, టేపు బరువు కూడా రాసింది. మనిషి చెయ్యిని మాత్రం వదిలేసింది.

ఆ సాయంత్రం లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఒడిలో హైమ నిద్రపోయింది. పొట్లం మూడు వందల గ్రాములకి తగ్గించింది, ధర కూడా అంతమేరకు తగ్గించింది. ఇప్పుడు పెట్టె మూసినా అర కేజీకి ఇంకా బోలెడు చోటుంది. తర్వాత ఇంకో సంగతి తోచింది. అర కేజీ దాటితే ఎలాగూ కేజీ రేటే కదా, అలాంటప్పుడు ఆ కేజీని ఖాళీగా ఎందుకు పంపాలి? రెండు పొట్లాలు ఒకే పెట్టెలో పెడితే, రెండు కొసర్లు వేసినా కేజీ దాటదు. రెండు విడివిడి పార్శిళ్ల కంటే పంపే ఖర్చు తక్కువ పడుతుంది. మన జిల్లాలకి ఒక రేటు వరస, పక్క రాష్ట్రాలకి ఒక వరస, దూరం ఊళ్లకి ఇంకో వరస. అన్నిటికీ కొత్త బరువులు వేసుకుంటూ పోయింది. ఒకసారి తప్పింది, చెరిపి మళ్లీ వేసింది. కొన్నవాళ్లకి కనిపించేలా పైన తెలుగులో ఒక ముక్క పెట్టింది: రెండు తీసుకుంటే పంపే ఖర్చు కలిసొస్తుంది, కొసరు మాత్రం రెండింటికీ ఉంటుంది.

మర్నాడు పెరట్లో వడియాలు తిరగేస్తున్న అత్తగారి పక్కకి వెళ్లి కూర్చుంది. బెంగుళూరు ఆవిడ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. కమలాదేవి చెయ్యి ఆగింది కానీ తలెత్తలేదు.

"మీరు మళ్లీ గదిలోకి రావాలి అత్తయ్యా."

"వచ్చి ఏటి సెయ్యను? నా సెయ్యి కూడా తూస్తావా?"

"తూయను. మీ చెయ్యి ఎంత పెద్దదైతే అంత చోటు వదిలాను. చంటిపిల్లల తల్లని తెలిసి మీరు రెండు గుప్పెళ్లు వేసినా పడుతుంది. నా లెక్కే చిన్నది అయిపోయింది, మీ చెయ్యి కాదు."

కమలాదేవి వడియాల పిండి అంటిన వేలితోనే కళ్లు తుడుచుకుంది. "ముందే సెప్పి ఉంటే నేను మాత్రం వెయ్యనా సూసుకుని," అని గొణిగి, లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. "పద. పుణె నుంచి కొంటాదే, ఆ పిల్లకి నెలలు నిండతన్నాయని ఆ మధ్య నువ్వే కదా సెప్పావు. దానికి నేనే కడతాను."

ఒంటి పొట్లం అడిగేవాళ్లు తగ్గిపోయారు. అందరూ రెండేసి అడగడం మొదలుపెట్టారు. సుభద్ర తన అపార్టుమెంటులో వాళ్లందరికీ చెప్పినట్టుంది, ఒకే చిరునామా మీద వరసగా ఆర్డర్లు పడ్డాయి. అత్తాకోడళ్లు గదిలో ఎదురెదురుగా కూర్చుని కడుతుంటే, ప్రమోద్ పెట్టెలు మడత పెట్టి ఇస్తూ, మీ ఇద్దరికీ నేను కూలీనా అని వాపోయాడు. నువ్వు కూలీవి కాదు నాయనా, జీతం లేని కూలీవి అంది తల్లి.

నెలాఖరున నరసింగరావే బిల్లు పట్టుకుని కొట్టుకి వచ్చాడు. అనూరాధ నిలబడే చదివింది. ఒక వరస చదివింది, రెండో వరస చదివింది, చివరిదాకా చదివింది. కొత్త లెక్క వేసినప్పటి నుంచీ ప్రతి పార్శిలూ ఆమె వేసిన రేటు మీదే ఉంది. ఒక్కటీ దాటలేదు.

అదే సమయానికి ఎరువుల ఏజెంటు అడ్వాన్సు పట్టుకుని మెట్లెక్కాడు. ఉమాపతి కోడలి చేతిలోని కాగితం అందుకుని, కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చూశారు. తర్వాత ఏజెంటుతో గది ఖాళీ లేదన్నారు. మొన్న ఇస్తామన్నారు కదండీ అని అతను నసిగితే, "అందులో మా కోడలు యాపారం సేస్తన్నాది," అన్నారు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

ఏజెంటు వెళ్లిపోయాక అనూరాధ లోపలికి తిరగబోయింది. ఆయన పిలిచారు. గల్లాపెట్టె పక్కన తాను ఎప్పుడూ కూర్చునే పరుపు మీద కాస్త జరిగి, చోటు చూపించారు.

"విశాఖపట్నం నుంచి మనకి పప్పు బస్తాలు వస్తన్నాయి కదా. లారీ వాడు ఏటి సెబితే అది ఇచ్చేస్తన్నాను. సగం లారీకి నిండు కిరాయి కడతన్నానేమో అని అనుమానంగా ఉన్నాది. నువ్వోసారి సూడమ్మా."

అనూరాధకి కళ్ల ముందు అంతా మసకబారింది. లోపలి నుంచి హైమ అమ్మా అని పిలుస్తోంది. "నేను సూసుకుంటానులే, నువ్వు కూకో," అని వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. అనూరాధ కొంగుతో మొహం తుడుచుకుని, మామగారి పక్కన కూర్చుంది.

"లారీకి ఎన్ని బస్తాలు పడతాయి మావయ్యా?" అని అడిగింది.